బస్టాండు నుంచి కమాన్ దాకా
పదకొండో భాగం

ఆర్నెల్ల కింద, జులై నెల ముసురులో, మానేరు డ్యాం రోడ్డు మీద సృజన కారు ఒక పెద్దాయనను గుద్దింది. ఆమె దిగి చూడకుండా వెళ్లిపోయింది. తర్వాత పేపర్లో నాలుగు లైన్ల వార్త పట్టుకుని ఆయనెవరో తెలుసుకుంది. పేరు యెషయా. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే సృజన, శాంపిల్ తీసుకునే నెపంతో వాళ్లింట్లో అడుగుపెట్టి, నెమ్మదిగా రోజూ సాయంత్రం ఆయనను నడిపించే మనిషిగా మారింది. తానెవరో మాత్రం చెప్పలేదు. శనివారం సాయంత్రం ఆమె ఇంటికి బయలుదేరుతుంటే యెషయా భార్య మగ్దలేనమ్మ గేటు దాకా వెంట వచ్చింది. "రేపు జర జల్ది రా బిడ్డా. నీతోని మాట్లాడేదున్నది" అంది.

ఆ మాట అన్నప్పుడు మగ్దలేనమ్మ ముఖంలో నవ్వు లేదు. ఇంటికి వచ్చాక కూడా సృజన కళ్ల ముందు ఆ ముఖమే నిలిచింది.

ఆదివారం నాలుగింటికి ఆమె చెప్పులు వేసుకుంటుంటే భర్త అరుణ్ వాకిట్లో మొక్కలకు నీళ్లు పడుతున్నాడు. పక్కనే కారు, గుడ్డ కప్పి ఉంది.

"ఇయ్యాల గూడ నడుసుకుంటనేనా?"

"రోడ్డు బందున్నది గద."

"బైపాస్ దిక్కుకెల్లి తిరిగి పోవచ్చు. ఊకె పెడితే దాని బ్యాటరీ ఖతమైతది." పైపు పట్టుకునే ఆమె వైపు తిరిగి నవ్వాడు. "ఇంక పది రోజులే. రోడ్డు తెరిచినంక ఏం వంక చెప్తవో చూస్త."

వేళాకోళానికే అన్నాడు. సృజన మాత్రం కారు వైపు చూడకుండా చెప్పుల పట్టీ బిగించుకుంది. జగిత్యాల పోయి కారు ముందు లైటు మార్పించుకొచ్చినప్పుడు గోడకు తాకిందని చెప్పింది. అరుణ్ నమ్మాడు. ఆ తర్వాత మెడ నొప్పి అంది, కళ్లు తిరుగుతున్నాయంది. అవీ నమ్మాడు. ఇక చెప్పడానికి ఏమీ మిగలని రోజుల్లో, పెద్ద పైపులు వేయాలని బస్టాండు నుంచి ఊరి పాత ద్వారం కమాన్ దాకా రోడ్డు మూసేశారు. ఒక పక్క పొడవునా తవ్వి, రెండు కొసలా బారికేడ్లు పెట్టారు. రెండు నెలలు బండి తిరగదన్నారు. దుకాణాలవాళ్లు తిట్టారు, ఆటోలవాళ్లు తిట్టారు. సృజన ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు ఊళ్లో సగంమంది నడిచేవాళ్లే. ఎందుకు నడుస్తున్నావని ఎవరూ అడగరు.

రెండో వారానికి తిట్లు తగ్గాయి. తవ్వకుండా వదిలిన సగం మీద సాయంత్రమయ్యేసరికి జనం దిగడం మొదలుపెట్టారు. ఎవరో చాక్‌పీసుతో గీతలు గీసి షటిల్ ఆడారు. ఆడపిల్లలు సైకిల్ నేర్చుకున్నారు. మిర్చిబజ్జీల బండ్లు అంచుల నుంచి రోడ్డు నడుమకు వచ్చేశాయి. బట్టల దుకాణం సేటు రెండు కుర్చీలు బయట వేసి, వచ్చేపోయేవాళ్లను పిలిచి కూర్చోబెట్టుకునేవాడు. చీకటి పడేవేళ హారన్ మోత లేకపోవడం వల్ల, నాలుగు దుకాణాల అవతల చాయ్ గ్లాసులు కడిగే చప్పుడు కూడా వినిపించేది.

పదేళ్లుగా కారు అద్దంలోంచి చూసిన ఊరు సృజనకు ఇప్పుడు కొత్తగా కనబడింది. ఒక మేడమీది కిటికీ దగ్గర తల వంచుకుని వెండి తీగతో నగిషీ చేసే అన్నదమ్ములున్నారని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. రోడ్డు పక్కన అమ్మే శంకరవ్వ పెనం మీంచి తీసిన సర్వపిండి నిలబడి తింటే ఎంత బాగుంటుందో తెలియదు. యెషయా ముప్పై నాలుగేండ్లు ఆ రోడ్డు మీదే బస్సులో తిరిగినవాడు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసేవాడు, ఆగేవాడు. "గీడ ధర్మపురి బస్సు ఆగేది. పుష్కరాలప్పుడు టాపు మీద గూడ జనమే. టికెట్లు కొట్టనీకి నేను నిచ్చెన ఎక్కిన" అనేవాడు. ఇంకో నాలుగడుగులు. "గీడ ఒకామెకు బస్సులనే కాన్పయింది. ఆ పిలగాడు ఇప్పుడు సర్కారు బడిల సారు." నలభై రోజుల్లో ఆయన వాకర్ వదిలి చేతికర్రకు వచ్చాడు.

ఆ గంటన్నర సేపు సృజన నిజంగానే సంతోషంగా ఉండేది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టేది. నవ్వుతూ నవ్వుతూ ఏదో ఒకటి నోరు జారుతానేమోనని పళ్లు బిగించుకునేది. బారికేడ్ల అవతల ఎక్కడో బండి గట్టిగా బ్రేక్ వేసిన చప్పుడైతే నడిచేది నడుస్తూనే ఆగిపోయేది.

ఇవాళ బస్టాండు వైపు బారికేడ్ దగ్గర ఇద్దరూ ఆమె కోసం నిలబడి ఉన్నారు. పొద్దున చర్చికి వేసుకున్న తెల్లచొక్కా యెషయా ఇంకా విప్పలేదు. తల నున్నగా దువ్వుకున్నాడు.

"వచ్చినవా సృజనా! ఇయ్యాల కమాన్ దాకా పోవుడే. మధ్యల కూసునుడు లేదు."

"నువ్వు ముంగట నడువు. మేం ఎన్కకొస్తం" అంది మగ్దలేనమ్మ.

"ఒక్కన్నేనా?"

"బండ్లు గిండ్లు లేవు. ఏం ఫికర్?"

ఆయన మొహం వెలిగిపోయింది. గాయమైన తర్వాత ఒక్కడే నడవడం ఇదే మొదటిసారి. కర్ర టకటకలాడిస్తూ, ఎదురైన ప్రతివాళ్లకూ చేయెత్తుతూ వెళ్లాడు. ఆ తెల్లచొక్కా జనంలో కొంత దూరం వెళ్లేదాకా మగ్దలేనమ్మ కదల్లేదు. తర్వాత కందకం పక్కన వరసగా పడేసిన సిమెంటు పైపుల్లో ఒకదాన్ని చూపించింది.

"కూసో."

సృజన కూర్చుంది. మగ్దలేనమ్మ పక్కన కూర్చుని బైబిలు సంచీ ఒడిలో పెట్టుకుంది.

"మొదటిసారి మా ఇంటికొచ్చిన దినం యాదికున్నదా?"

"ఉన్నది పెద్దమ్మా. రక్తం తీసుకునేటందుకు..."

"ఆయన దుప్పటి కప్పుకొని పన్నడు. మెడ దాకా కప్పుకున్నడు. నువ్వు సూది చేతుల పట్టుకొని, కుడికాలు ఇంక నొస్తుందా పెద్దబాపూ అని అడిగినవ్."

మగ్దలేనమ్మ ఆమె వైపు తిరిగింది.

"ఏ కాలో నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

"డాక్టరు చీటీల..."

"చీటీల షుగర్ పరీక్ష అని ఒక్కటే ఉన్నది. నువ్వు పోయినంక మల్ల తీసి సదువుకున్న."

షటిల్ ఆడేవాళ్ల కాక్ ఎగిరి వచ్చి వాళ్ల కాళ్ల దగ్గర పడింది. ఒక ఆడపిల్ల ఉరికి వచ్చి తీసుకుపోయింది. లేచి వెళ్లిపోవాలని సృజనకు అనిపించింది. కాని లేవలేదు.

"ఆ దినం నేను గూడ ఆడ్నే ఉన్న" అంది మగ్దలేనమ్మ, రోడ్డు వైపు చూస్తూ. "డ్యాం కాడ చేపలు కొనుక్కొని వస్తున్నం. ఆయన ముంగట, నేను పది అడుగులు ఎన్క. కారు కొట్టి పోయింది. జరంత దూరం పోయి ఆగింది. ఆగిందని చూసి యేసయ్యకు దండం పెట్టిన. తలుపు తెరుసుకున్నది. ఒక కాలు కింద పెట్టిన్రు. ఆడమనిషి కాలు. ఎన్క లైటు ఎర్రగ పడుతుంటే మంచిగ కనబడ్డది. అమ్మా రా, ఒక పట్టు పట్టు అని నేను గొంతు చించుకొని మొత్తుకున్న. ఆ కాలు మల్ల లోపటికి పోయింది."

సృజన ఆ కేక విన్నది. ఆర్నెల్లుగా అది వాన చప్పుడని, గాలి చప్పుడని తనకు తానే చెప్పుకుంటూ వచ్చింది.

"ఎందుకు దిగలే?"

"భయమైంది పెద్దమ్మా."

"నాకు గూడ భయమైంది. నేను ఉరకలే."

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని సృజన అనుకుంది. కొట్టినా బాగుండును.

"నలభై నిమిషాలు" అంది మగ్దలేనమ్మ. "బండ్లు పోతున్నయి. ఎవరు ఆగుతలేరు. ఆయన తలకాయ ఒళ్లె పెట్టుకొని కూసున్న. కాలు దిక్కు చూడకు, నా మొఖం దిక్కు చూడు అని చెప్తున్న. ఆయనేమో, చేపలు పడిపోయినయి, ఏరుకో అంటుండు. ఆఖరికి ఒక ఆటో ఆయన ఆగిండు. ఆయన పేరు గూడ నేను అడగలే."

సృజన పైపు మీంచి జారి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"కాళ్లు పట్టకు. లే. అందరు చూస్తున్నరు. ఆయన తిరిగి చూసినా చూస్తడు."

సృజన లేచి కూర్చుంది. "మరి నన్నెందుకు రానిచ్చిన్రు పెద్దమ్మా? గింత తెలిసి..." అంది.

మగ్దలేనమ్మ సంచీ పట్టెను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కళ్లు తడిగా లేవు. ఎర్రగా ఉన్నాయి.

"దవాఖాన నుంచి వచ్చినంక మూడు నెలలు ఆయన గోడ దిక్కు తిరిగే పన్నడు. బువ్వ తినకపోయేది. పాస్టరయ్య వచ్చినా మాట్లాడకపోయేది. నువ్వొచ్చి, రోడ్డు బంద్ పెట్టిన్రు పెద్దబాపూ, బండ్లు లేవు, నడుద్దాం రా అన్నవ్. లేసి కూసున్నడు. నా చేతుల కానిది నీ చేతుల అయింది. నిన్ను ఎల్లగొడితే మల్ల గోడ దిక్కు తిరుగుతడని నా భయం. నువ్వు ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడల్లా నా కడుపు మండింది. మండుకుంటనే నీకు చాయ్ పోసిచ్చిన. నన్ను గూడ దేవుడు ఏం అడుగుతడో."

దూరంగా యెషయా ఎవరితోనో నిలబడి మాట్లాడుతున్నాడు. కర్ర పైకెత్తి ఏదో చూపిస్తున్నాడు.

"ఇగ దాచేటట్టు లేదు" అంది మగ్దలేనమ్మ. "మా కొడుకు ప్రేమ్‌చంద్ నిన్న దోహా నుంచి దిగిండు. ఇంటికి రాలే. ఒక పని చూసుకొని వస్త అన్నడు. ఆ పని ఏందో నాకు తెలుసు. ఆ దినం ఆయన కింద పడి గూడ నంబర్ల ఆఖరి రెండంకెలు చదివిండు. రంగు నేను చూసిన. ఆర్నెల్ల సంది నా కొడుకు ఆడ కూసోని ఫోన్ల మీద ఆ కారును దేవులాడుతుండు. వాని కోపం నీకు తెల్వదు. వాడు వచ్చేలోపట ఆయనకు నువ్వే చెప్పాలె. నీ నోటితోని."

"రేపు చెప్త పెద్దమ్మా. ఒక్క దినం..."

"ఇయ్యాల. గిప్పుడే. నేను ఈడ్నే కూసుంట."

సృజన లేచి నిలబడింది. ఎడమవైపు బస్టాండు బారికేడ్. దాని అవతల ఆటోలు. ఎక్కితే పది నిమిషాల్లో ఇల్లు. తలుపేసుకోవచ్చు. ల్యాబుకు సెలవు పెట్టి కొన్నాళ్లు కాగజ్‌నగర్‌లో అక్క దగ్గర ఉండొచ్చు. ఇవన్నీ ఆమె మనసులో వరసగా వచ్చాయి. తాను ఎంత త్వరగా ఆలోచించగలుగుతుందో చూసి ఆమెకే అసహ్యం వేసింది. కుడివైపు తెల్లచొక్కా.

ఆమె కుడివైపు నడిచింది.

రోజూ నడిచే రోడ్డే. ఇవాళ ఎంతకూ తెగలేదు. "సృజనమ్మా, వేడివేడిగున్నది, తీస్కపో" అని శంకరవ్వ పిలిస్తే వినపడనట్టు వెళ్లిపోయింది. బజ్జీల బండి దగ్గర ఎవరో పెద్దగా నవ్వారు. తననే చూసి నవ్వారనుకుంది. వెనక నుంచి సైకిల్ గంట మోగితే ఎగిరి పక్కకు దూకింది. పోలీసులు వస్తారు. అరుణ్ ముఖం ఎలా మారుతుంది? ల్యాబులో ఏమంటారు? అన్నిటికంటే ముందు, ఆ ముసలాయన ఏమంటాడు? చెప్పాల్సిన మాటలు లోలోపల పేర్చుకుంది. పది అడుగులు నడిచేసరికి అవన్నీ కలగాపులగమయ్యాయి.

యెషయా అప్పటికే కమాన్ దగ్గరికి చేరాడు. నుదుటి మీద చెమట. కాలు వణుకుతోంది. ఆమెను చూసి గట్టిగా నవ్వాడు.

"చూసినవా? ఎవ్వరి చెయ్యి పట్టలే! అర్ధగంటల వచ్చిన. నా సర్వీసుల బస్సుకు గూడ ఒక్కోసారి ఇంతే సేపు పట్టేది." ఆయాసంతో నవ్వుతూ, కర్రను కుడిచేతిలోకి మార్చి, ఎడమచెయ్యి ఆమె భుజం మీద వేశాడు. "మీ పెద్దమ్మ ఏది?"

"వస్తది. కూసుందమా పెద్దబాపూ?"

"కూసునుడు లేదన్న గద."

ఆయన బరువు భుజం మీద ఉంది. ఈ మాట చెబితే ఆ చెయ్యి తీసేస్తాడు. తీస్తే పడిపోతాడు. కూర్చోబెట్టి చెప్పాలి. కాని కూర్చోబెట్టేలోగా తన ధైర్యం పోతుందని ఆమెకు తెలుసు.

"జులై నెల. ముసురు. డ్యాం రోడ్డు" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మిమ్ముల గుద్దిన కారు నాదే పెద్దబాపూ. నేనే నడిపిన. ఆపిన గని దిగలే. పెద్దమ్మ మొత్తుకున్నది ఇనబడ్డది. అయినా పోయిన."

యెషయా ముఖం మీద నవ్వు ఇంకా అట్లాగే ఉంది. అది వెళ్లిపోవడానికి కొంచెం సేపు పట్టింది. పక్కన బుడగలమ్మేవాడు అరుస్తూ పోయాడు. ఆయన ఆమెను చూశాడు, తర్వాత తన కాలిని చూసుకున్నాడు, మళ్లీ ఆమెను చూశాడు.

"పోయేటప్పుడు అద్దంల చూసినవా?"

"చూసిన."

"నేను లేస్తున్ననా అని చూసినవా?"

"ఊఁ."

"లేసిన్నా?"

"లేదు పెద్దబాపూ."

ఆయన తల ఊపాడు. ఎన్నాళ్లుగానో తెలుసుకోవాలనుకున్నదేదో తెలిసినట్టు, నెమ్మదిగా రెండుసార్లు ఊపాడు. ఇంకా ఏదో అడగబోయాడు. అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది.

కర్రను సంకలో ఇరికించుకుని బయటికి తీశాడు. చెవులు సరిగా వినపడవని ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. ఇప్పుడూ అలవాటుగా అదే నొక్కాడు.

"బాపూ! దొరికిండు!"

ప్రేమ్‌చంద్ గొంతు. ఉరికి వచ్చినవాడిలా రొప్పుతున్నాడు.

"హుజూరాబాద్‌ల ఉన్న బాపూ. అదే రంగు. అవే ఆఖరి అంకెలు. ముంగటి లైటు గూడ కొత్తది ఏసిండు. ఆ దినం నడిపిన ఆడిది ఎవతిరా అంటే చెప్తలేడు. నా ఎంబడి ఇద్దరు దోస్తులున్నరు. ఎట్ల చెప్పడో చూస్త."

వెనక నుంచి ఇంకో గొంతు, నడివయసు మనిషిది, ఏడుపులో కలిసిపోయి వినిపించింది. "నాకేం తెల్వదన్నా. నా పెండ్లానికి బండి నడపరాదు. నీ కాళ్లు మొక్కుత, పిల్లల ముంగట కొట్టకుండ్రి..." ఆ తర్వాత ఏదో రేకుకు తగిలిన చప్పుడు. ఒక చిన్నపిల్ల కెవ్వుమంది.

యెషయా నోరు తెరిచాడు. "ప్రేమ్... బిడ్డా..." అనబోయాడు. గాలి మాత్రమే బయటికి వచ్చింది. ఆయన కళ్లెత్తి సృజనను చూశాడు. చూస్తూనే ఫోన్ ఆమె ముందుకు చాపాడు.

అవతల మళ్లీ చప్పుడైంది.

సృజన ఫోన్ తీసుకుంది. రెండు చేతులతో నోటి దగ్గరికి పట్టుకుంది.

"ఆయన్ను ఇడిసిపెట్టు తమ్మీ. ఆ కారు కాదు. కారు నాది. నడిపింది నేను."

అటువైపు రొప్పడం ఆగింది. ఏడ్చే గొంతు మాత్రం, "ఇన్నవా అన్నా, ఇన్నవా?" అని అంటూనే ఉంది.

"ఎవరు మాట్లాడేది?"

"సృజన. కమాన్ కాడ ఉన్న. మీ బాపు నా పక్కనే ఉన్నడు."

"రోజు మా బాపును నడిపిస్తుందని అవ్వ చెప్పే సృజనవా?"

"అవును."

ప్రేమ్‌చంద్ మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో ఇందాకటి అరుపు లేదు. చాలా మెల్లగా ఉంది.

"ఆయన్ను ముట్టుకోకు. దూరం జరుగు. గంటల వస్తున్న. నేనొచ్చేదాక ఆడ్నే నిలవడు."

ఫోన్ కట్టయింది.

సృజన ఒక అడుగు వెనక్కి వేయబోయింది. వేయలేకపోయింది. భుజం మీద ఉన్న యెషయా చెయ్యి బిగుసుకుంది. ఐదు వేళ్లూ ఎముకలో దిగేంతగా బిగుసుకుంది. ఆయన ముఖం సున్నంలా పాలిపోయింది. పెదవులు కదిలాయి.

"పో బిడ్డా" అన్నాడు గుసగుసగా. "వాడొచ్చేసరికి ఈడ ఉండకు. ఉరుకు."

చెయ్యి మాత్రం వదల్లేదు.